నాలుక కింద గుండీ

"నోరు తెరువక్కా," అన్నాను మళ్ళీ.

అక్క తెరవలేదు. పెదవులు బిగపట్టి మొహం గోడవైపు తిప్పుకుంది. దుప్పటి కింద ఆవిడ వణుకుతున్న వణుకుకి మంచం కోళ్ళు నేలమీద టకటక కొట్టుకుంటున్నాయి. థర్మామీటరు పట్టుకుని నేను మంచం పక్కన, నీళ్ళ చెంబు పట్టుకుని అత్తయ్య గుమ్మంలో, ఇద్దరం అలాగే నిలబడిపోయాం.

అక్క అంటే నా తోడికోడలు. ఆ సాయంత్రమే లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర కూలబడితే, తోటి ఆడవాళ్ళిద్దరు రెక్కలు పట్టుకుని నడిపించుకొచ్చి వాకిట్లో దింపి, వెనక్కి తిరిగి చూడకుండా పనికి పరుగెత్తారు. కాసేపు కనబడకపోతే బల్ల వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. చలిజ్వరం, నడుం పక్కన పోటు. ఈ ఏడాదిలో ఇది ఆవిడకి కొత్త కాదు.

నేను వీధి చివర క్లినిక్కులో నర్సుని. మొండి రోగుల్ని చాలామందిని చూశాను. "చిన్నపిల్లలకైతే ముక్కు మూస్తాం, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నీక్కూడా మూయమంటావా?" అన్నాను.

తెరిచింది. నాలుక ఎత్తమన్నాను. ఎత్తింది.

నాలుక కింద నల్లటి గుండీ ఉంది. కోటుకి కుట్టే పెద్ద గుండీ. వేలు పెట్టి బయటికి లాగాను. అంచులు అరిగి, నీళ్ళలో నానిన రాయిలా నున్నగా అయిపోయింది.

"ఏమిటిది?"

"గుండీ."

"అది గుండీ అని నాకూ తెలుసు తల్లీ. కోటుకి ఉండాల్సింది నీ నోట్లో ఏం చేస్తోంది?"

అక్క నావైపు చూడలేదు. అత్తయ్యవైపు చూసింది. అత్తయ్య చెంబు కిటికీలో పెట్టి, లేని పనేదో గుర్తొచ్చినట్టు కొంగు సర్దుకుంది.

"అది ఉంటే దాహం వెయ్యదు," అంది అక్క, పళ్ళు కటకటలాడుతుండగా. "నోట్లో ఊట ఊరుతుంటుంది. ఆవిరి గదిలో పొద్దస్తమానం నిలబడాలి కదా. అదుంటే నీళ్ళమీదికి ధ్యాస పోదు."

"నీళ్ళు తాగమనే కదా మేం మొత్తుకునేది? తాగుతున్నావా అంటే తాగుతున్నానని తల ఊపావు కదా?"

"ఊపకపోతే నువ్వు తిడతావు."

వారంవారం ఈ వీధిలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి నీళ్ళు తాగండమ్మా అని గొంతు చించుకున్నది నేనే. అందరూ బుద్ధిమంతుల్లా తలలు ఊపారు. ఒక్కతయినా నోరు విప్పలేదు. విప్పితే గుండీ కనబడుతుంది కదా మరి.

"ఎందుకు తాగవు?"

"తాళం వేసుంటుంది," అంది అక్క.

ఏ తాళమని అడిగితే ముక్కముక్కలుగా చెప్పుకొచ్చింది. ఇస్త్రీ హాలు చివర ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఉంది. దాని తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర ఉంటుంది. కావలసినవాళ్ళు బల్ల వదిలి, బట్టల మూటలు మోసే మగవాళ్ళందరి మధ్యనుంచి నడిచి, ఆయన ఎదురుగా నిలబడి చెయ్యి చాపాలి. ఆయన గడియారం చూసి, ఇప్పుడు కాదు తర్వాత అంటాడు. లేదా, పొద్దున వెళ్ళావుగా అంటాడు. అందరికీ వినబడేలా అంటాడు.

ఆ సూపర్‌వైజరు మా బావగారు. అక్క మొగుడు.

లాండ్రీలో ఆడవాళ్ళు ఆయన్ని చాటుగా తాళంగారు అంటారని నాకు ఎప్పుడో తెలుసు. ఇంట్లో గదులకి తాళాలు వేసినా మళ్ళీ వెళ్ళి లాగి చూసుకునే మనిషి కాబట్టి, అందుకని అంటున్నారనుకుని నేను కూడా నవ్వాను.

"ఈ గుండీ నీకెవరిచ్చారు?"

వెనకనుంచి అత్తయ్య చెప్పింది.

"నేనే ఇచ్చాను. నాదే అది."

తిరిగి చూశాను. అత్తయ్య మొహంలో తప్పు చేసిన భావం ఏ కోశానా లేదు.

"పనిలో చేరిన రోజున కొత్త పిల్లకి పక్కబల్లావిడ గుండీ ఇస్తుంది. నాకూ అలాగే ఇచ్చారు. చొక్కా గుండీలు చిన్నవి, గొంతులోకి జారతాయి. కోటు గుండీ అయితే మంచిదని, నా కోడలికని దాచి మరీ ఇచ్చాను. మేమంతా పెట్టుకున్నవాళ్ళమే. చచ్చామా?"

"మీ పక్కబల్లావిడ ఎలా పోయింది అత్తయ్యా?" అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

అత్తయ్య కిటికీలో చెంబు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

*

బావగారు వచ్చేసరికి నేను అక్కకి మందు పట్టించి, నుదుటిమీద తడిగుడ్డ వేసి కూర్చున్నాను. ఆయన రోజూలాగే చెప్పులు వరసగా విడిచి, తాళాల గుత్తి గుమ్మం పక్క మేకుకి తగిలించాడు. ఆ మేకు దుమ్ము నేను ఎన్నిసార్లు దులిపానో. ఏ తాళంచెవి దేనిదో ఒక్కనాడూ అడగలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగాలేదు. కిడ్నీకి పట్టేసింది బావగారూ. ఒకటి ఇప్పటికే దెబ్బతిందని కిందటిసారే డాక్టరమ్మ చెప్పింది. ఇంకోసారి ఇలా వస్తే రెండోదీ మిగలదు."

"మందులు సరిగ్గా వేసుకోదు. నేను చెబుతూనే ఉన్నాను."

గుండీ ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూసి చూపు తిప్పుకున్నాడు. ఆయనకి తెలుసు. హాలంతటికీ తెలుసు. తెలియనిది నాకూ, మా క్లినిక్కుకీ.

"ఆ తాళం తీసెయ్యండి," అన్నాను.

"నేను వేశానా తీయడానికి? యజమాని వేయించాడు. ఆడవాళ్ళు అందులో దూరి కబుర్లు చెప్పుకుంటున్నారు, బట్ట కదలడం లేదన్నాడు. నాకు ముందున్నాయన జాలిపడి ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చేవాడు. ఇప్పుడెక్కడున్నాడాయన? ఈ ఇల్లు కూడా లాండ్రీవాళ్ళదే అమ్మా. నా ఉద్యోగం పోతే అందరం సామాను నెత్తిన పెట్టుకుని వీధిలో నిలబడాలి. నా చేతిలో ఏముంది?"

"తాళంచెవి ఉంది," అంది అక్క మంచంమీంచి.

ఆ మాట ఎంత మెల్లిగా అందో, ఆయన అంతగా ఉలిక్కిపడ్డాడు.

"కిందటివారం అడిగాను మిమ్మల్ని. అందరి ముందూ వచ్చి అడిగాను. ఏమన్నారు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నీకిస్తే పెళ్ళానికిచ్చాడంటారు, వెళ్ళి పని చూసుకో అన్నారు. వెళ్ళి చూసుకున్నాను."

బావగారు మంచం పక్కన కూర్చోబోయి, కూర్చోలేక, మళ్ళీ లేచాడు. పాపం అనిపించాలి. అనిపించలేదు. భార్య నడుం పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, పెళ్ళానికిచ్చాడంటారని భయపడే మనిషిమీద నాకు జాలెలా వస్తుంది?

"ఎల్లుండి నీళ్ళ మెషీను పెడుతున్నారు," అన్నాడు ఆయన, మాట మార్చడానికి దారి దొరికినట్టు. "మీ క్లినిక్కూ మా లాండ్రీ కలిసి పెడుతున్నాయి. శుభ్రమైన నీళ్ళు. అందరి ఆరోగ్యం బాగుపడుతుందని మీ డాక్టరమ్మే అందట. అమ్మని మొదటి గ్లాసు తాగమన్నారు. పాత పనివాళ్ళలో పెద్దావిడ కదా. అక్కడ మాత్రం ఎవరూ పిచ్చిమాటలు మాట్లాడొద్దు. ముఖ్యంగా నువ్వు."

వంటగది గుమ్మంలోకి అత్తయ్య వచ్చింది.

"వాడు చెప్పింది విను," అంది నాతో. "నలుగురిలో నా కొడుకు పరువు తీస్తే ఊరుకోను."

"కోడలి ప్రాణం పోతే?"

అత్తయ్య నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కోపం అనుకున్నాను అప్పుడు.

*

పొద్దున అక్కని క్లినిక్కుకి తీసుకెళ్ళి వెనకగది మంచంమీద పడుకోబెట్టి సెలైను పెట్టాను. తర్వాత గుండీ తీసుకెళ్ళి డాక్టరమ్మ బల్లమీద పెట్టాను.

డాక్టరమ్మ చెడ్డమనిషి కాదు. మా క్లినిక్కుకి వచ్చిన డాక్టర్లలో వెళ్ళిపోకుండా ఉన్నది ఆవిడే. ఊరికి అటువైపు నుంచి ఈ జబ్బుతో ఒక్క మనిషి రాదు, ఇటువైపు మాత్రం ఇంటికొకరున్నారు, ఎందుకని మొట్టమొదట అడిగింది కూడా ఆవిడే. అయితే అడిగాక మేం చేసిందేమిటి? నీళ్ళు పరీక్ష చేయించాం. వీధి పొడుగునా గోడలకి పోస్టర్లు అంటించాం: శుభ్రంగా ఉండండి. ఊళ్ళో ప్రతి హోటలు దుప్పటీ, ప్రతి ఆసుపత్రి దుప్పటీ ఉతికి తెల్లగా మెరిపించే ఆడవాళ్ళకి, శుభ్రం గురించి మేం పాఠం చెప్పాం. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆవిడ గుండీని అటూఇటూ తిప్పుతూ నేను చెప్పిందంతా విన్నది.

"మరి నేను అడిగాను కదా," అంది. "పనిచేసే చోట ఇబ్బందులేమైనా ఉన్నాయా అని ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి అడిగాను. ఏమీ లేవన్నారు."

"ఎక్కడ కూర్చోబెట్టారు మేడమ్?"

ఆవిడ ఆగింది. "యజమాని గదిలో."

"ఆయన ఉన్నాడా?"

"టీ ఇప్పించాడు," అంది ఆవిడ చిన్న గొంతుతో. "వాళ్ళెవరూ ముట్టుకోలేదు. మొహమాటమనుకున్నాను."

"రేపు మెషీను పెట్టేచోట మీరే చెప్పండి," అన్నాను.

"చెబుతాను. చెప్పిన మర్నాడు ఏమవుతుందో నీకు తెలియదా? యజమాని ఇప్పుడు వారానికోసారి హాల్లోకి వెళ్ళి చూడనిస్తున్నాడు, అది ఆపేస్తాడు. డాక్టరుకి ఎవరో ఎక్కించారంటాడు. తాళం లేదంటాడు. లేదని ఆ ఆడవాళ్ళ చేతే చెప్పిస్తాడు. వాళ్ళలో ఒకరు నోరు విప్పితే వెనకాల నేనుంటాను. ముందు వాళ్ళలో ఎవరో ఒకరు చెప్పాలి."

"చెప్పాల్సినామె వెనకగదిలో పడుకుంది మేడమ్. సోమవారం బల్ల దగ్గరికి వెళ్ళకపోతే పని పోతుందని ఏడుస్తోంది. అదే తాళం దగ్గరికి, అదే గుండీ పెట్టుకుని వెళ్తానంటోంది. మీరు వెనకాల ఉండటం ఆవిడ కిడ్నీకి ఏం పనికొస్తుంది?"

అనకూడని మాటే. అన్నందుకు నాకేమీ బాధగా లేదు. ఆవిడ కూడా తిట్టలేదు. గుండీ నా చేతిలో పెట్టి, అక్కని చూడటానికి వెనకగదిలోకి వెళ్ళింది.

మర్నాడు బయల్దేరేముందు అత్తయ్య ఉతికిన చీర కట్టుకుని నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"ఆ గుండీ ఇటివ్వు."

"ఎందుకు?"

"నాదని చెప్పాను కదా."

కొడుకు చెప్పి ఉంటాడు, దాన్ని మాయం చెయ్యమని. నా ఒళ్ళు మండిపోయింది. "తీసుకోండి. మీ అబ్బాయి పరువు కాపాడుకోండి," అని అరచేతిలో పడేశాను. అత్తయ్య దాన్ని కొంగుకొసన ముడివేసుకుంది.

*

ఇస్త్రీ హాల్లో ఆ పూట ఆవిరి ఆపేశారు. దుప్పట్ల గుట్టలు ఒక పక్కకి నెట్టి కుర్చీలు వేశారు. మధ్యలో కొత్త నీళ్ళ మెషీను, దానికి రిబ్బను, పక్కన గాజుగ్లాసులు. హాలు చివర తలుపు, ఆ తలుపుకి తాళం. దాన్ని దాచాలని కూడా ఎవరికీ తోచలేదు. అంతగా అలవాటైపోయింది అందరి కళ్ళకీ.

ఆడవాళ్ళు బల్లల వెనక ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. కుర్చీలు వాళ్ళకి కాదు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. దవడలు మాత్రం మెల్లిగా కదులుతున్నాయి. తెలియక ముందు ఎన్నోసార్లు చూసిన దృశ్యమే. ఇప్పుడు ఆ దవడల వెనక ఏముందో తెలుసు.

యజమాని మాట్లాడాడు. మర్యాదస్తుడు, గొంతు మెత్తన. "మా ఆడపడుచులు నీళ్ళు సరిగ్గా తాగక జబ్బు పడుతున్నారని డాక్టరుగారు చెప్పినప్పుడు నాకు రాత్రి నిద్రపట్టలేదు. ఇకమీదట ఆ లోటు ఉండదు. క్లినిక్కూ మేమూ చేయీచేయీ కలిపి పనిచేస్తాం."

చప్పట్లు కొట్టారు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు. డాక్టరమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

బావగారు రిబ్బను సరిచేసి, తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. యజమాని తన చేత్తోనే గ్లాసు నింపి ఇచ్చాడు. ఫొటోలు తీసే అతను ముందుకి వంగాడు.

"తాగమ్మా. మీరంతా చల్లగా ఉండాలి."

అత్తయ్య గ్లాసు అందుకుంది. తాగలేదు.

"తాగుతాను బాబూ," అంది. "తాగాక ఎక్కడికి వెళ్ళమంటారు?"

యజమాని నవ్వాడు. అర్థంకానివాళ్ళు నవ్వే నవ్వు. "ఎక్కడికేమిటమ్మా?"

"ఈ నీళ్ళు లోపలే ఉండిపోవు కదా బాబూ. మేడమీద మీ ఆఫీసువాళ్ళకి తాళం లేదు. మాకుంది. నేను ఇక్కడ చేరినప్పుడు లేదు. తర్వాత వచ్చింది. అదొచ్చాక ఇదొచ్చింది."

కొంగు ముడి విప్పింది. గుండీ తీసి మెషీను పక్కన, గ్లాసుల మధ్య పెట్టింది.

"నా పక్కబల్లావిడ దీన్ని నోట్లో పెట్టుకునే పోయింది. నేనే తీశాను నోట్లోంచి. కడిగి దాచి, బంగారం ఇచ్చినట్టు నా కోడలికిచ్చాను. అది ఇప్పుడు క్లినిక్కులో పడుంది. రెండో కిడ్నీ కూడా పోతుందట."

ఆ గుండీ ఎవరి నోట్లోదో నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరికీ తెలియదు.

"అమ్మా," అన్నాడు బావగారు, పళ్ళ మధ్యనుంచి. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

అత్తయ్య ఆయనవైపు చూడకుండా గ్లాసెత్తి గటగటా తాగేసింది. ఖాళీ గ్లాసు చేత్తో తుడిచి, మళ్ళీ నింపుకుంది. అదీ తాగింది.

యజమాని మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారిపోయాయి. "పెద్దావిడకి ఒంట్లో బాగున్నట్టు లేదు. ఇక్కడ అలాంటి తాళమేదీ లేదు. ఉందా?" అని ఆడవాళ్ళవైపు తిరిగి అడిగాడు.

ఎవరూ పలకలేదు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది. అప్పుడు చివరి బల్ల దగ్గర ఆడమనిషి, నిన్నకాక మొన్న పనిలో చేరిన పిల్ల, నోట్లోంచి ఏదో తీసి బల్లమీద పెట్టింది. చిన్న చప్పుడయింది. పక్కబల్లమీద ఇంకో చప్పుడు. ఆ పక్కన ఇంకోటి.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి అత్తయ్య పక్కన నిలబడింది. "తలుపు అదిగో కనబడుతోంది," అంది యజమానితో. "తాళమూ కనబడుతోంది. తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

యజమాని తలుపువైపు చూడలేదు. బావగారివైపు చూశాడు.

"నాకు తెలియదండీ," అన్నాడు మెత్తగా. "ఈ హాలు సంగతులన్నీ సూపర్‌వైజరే చూసుకుంటాడు. నాకు తెలియకుండా అతనే వేసుంటాడు. ఏమయ్యా, నువ్వే వేశావు కదూ?"

బావగారి మొహం పాలిపోయింది. ఎవరికి భయపడి భార్యకి కూడా తాళంచెవి ఇవ్వలేదో, ఆ మనిషి ఒక్క మాటలో ఆయన్ని నడివీధిలో వదిలేశాడు.

అత్తయ్య కొడుకు ముందుకెళ్ళి నిలబడింది. పనిచేసిన రోజుల్లో ఎలా నిలబడేదో అలాగే, మగవాళ్ళందరూ చూస్తుండగా, అరచెయ్యి చాపి.

"తాళంచెవి ఇవ్వు నాయనా. నేను వెళ్ళాలి."

బావగారి చెయ్యి జేబులోకి వెళ్ళింది. లోపల తాళాలు గలగలమన్నాయి. యజమాని ఆ జేబువైపే చూస్తున్నాడు, అత్తయ్య చెయ్యి చాపుకునే ఉంది, ఆయన చెయ్యి మాత్రం బయటికి రావడం లేదు.